మూకుట్లో నూనె ఏమవుతుంది?



నూనె కొట్టు ముందు కాసేపు నిలబడితే పదే పదే వినపడే ప్రశ్న, "ఏ నూనె మంచిదండీ?" అన్నది. గానుగ దగ్గర సీసా నింపించుకున్నవారు ప్యాకెట్ నూనె కొనేవారిని చూసి జాలిపడతారు. ప్యాకెట్ కొన్నవారు గానుగ నూనె ధర విని కళ్లు తేలేస్తారు. ఈ మధ్య ఫోన్లలో ఒక పట్టిక కూడా తిరుగుతోంది. ఏ నూనె ఎన్ని డిగ్రీల దగ్గర పొగ వదులుతుందో అందులో ఉంటుంది. పొగ ఎంత ఆలస్యంగా వస్తే అంత మేలైన నూనె అని కింద ఒక సలహా. పట్టికలో అంకెలు చాలావరకు సరైనవే, పేచీ అంతా ఆ సలహాతోనే. వేపుళ్ల మాటకొస్తే, నూనె పేరు కంటే ముందు అడగాల్సినవి రెండున్నాయి. ఆ నూనె ఎంతసేపు కాగింది, ఇది ఎన్నోసారి కాగుతోంది అన్నవి. ఎందుకంటారా, పొయ్యి దగ్గరికే వెళ్లి చూద్దాం.

గారెలు వేస్తున్నారనుకోండి. రుబ్బిన మినప్పిండి బరువులో సగానికి పైగా నీళ్లే. మూకుట్లో నూనె 170, 180 డిగ్రీల దగ్గర ఉంటుంది. నీళ్లు మరిగేదేమో 100 డిగ్రీల దగ్గర. కాబట్టి గారె నూనెలో పడీ పడగానే పైపైన ఉన్న నీరు ఆవిరై బయటికి ఎగదన్నుకొస్తుంది. చుట్టూ బుసబుసా లేచే బుడగలన్నీ ఆ ఆవిరివే. నూనె మాత్రం మరగదు, మరిగేంత వేడికి చేరేలోపే విరిగిపోతుంది. ఆవిరి లోపలి నుంచి బయటికి తోసుకొస్తున్నంతసేపూ నూనెకు లోపలికి పోయే సందు ఉండదు. పై పొర ఎండి కరకరలాడుతుంది. లోపల తడి ఉన్నంతవరకూ అక్కడ వేడి 100 డిగ్రీలు పెద్దగా దాటదు కాబట్టి పిండి మెత్తగా ఉడుకుతుంది. బుడగల జోరు తగ్గిందంటే నీరు తగ్గిందన్నమాట. చేయి తిరిగినవాళ్లు ఆ చప్పుడు సన్నబడటం విని గారె తీస్తారు. తీరిగ్గా రంగు చూసి తీద్దామనుకునేవాళ్లకు ఒక్కోసారి మాడుతుంది.

మరి గారె నూనె తాగేది ఎప్పుడు? వేగుతున్నప్పుడే అనుకుంటాం. నిజానికి అందులో ఎక్కువ భాగం మూకుట్లోంచి పైకి తీశాకే లోపలికి పోతుంది. బయటికి రాగానే లోపలి ఆవిరి చల్లబడి నీరుగా మారుతుంది. ఆవిరి ఉన్న చోటు ఖాళీ అయి, లోపల ఒత్తిడి తగ్గి, ఒంటికి అంటుకున్న నూనెను గారె లోపలికి లాక్కుంటుంది. ఇదంతా తీసిన కాసేపట్లోనే జరిగిపోతుంది. అందుకే చిల్లుల గరిటెను మూకుడు అంచుకు ఆనించి, వేడి మీదే నూనె ఓడ్చేయాలి. పళ్లెంలో కుప్ప పోసి, చల్లారాక కాగితం మీద వేస్తే పైన మిగిలిన జిడ్డు తప్ప ఇంకేమీ రాదు.

ఈ సంగతి శాస్త్రవేత్తలు కొలిచి చెప్పకముందే అరిసెలు చేసేవాళ్లకు తెలుసు. సంక్రాంతికి అరిసెలు వండే ఇంట్లో ఒకరు వేస్తుంటారు, ఇంకొకరు పక్కనే కాచుకుని ఉంటారు. మూకుట్లోంచి తీసిన అరిసెను అప్పటికప్పుడే రెండు చిల్లుల గరిటెల మధ్య పెట్టో, అరిసెల పీట మీద వేసో నొక్కేస్తారు. కారిన నూనె మళ్లీ గిన్నెలోకే. ఆ రెండో మనిషి ఏ ఫోనో వచ్చి కాస్త ఆలస్యం చేస్తే ఆ వాయి అరిసెల్లో నూనె అలాగే ఉండిపోతుంది. చల్లారాక నొక్కితే విరుగుతాయి తప్ప నూనె రాదు.

నూనె సరిగ్గా కాగకముందే వేస్తే ఇంకో చిక్కు. పై పొర త్వరగా గట్టిపడదు, పిండి ఎక్కువసేపు నూనెలోనే నానుతుంది. తొందరపడి మూకుడు నిండా ఒకేసారి వేసినా అదే జరుగుతుంది, చల్లటి పిండి వేడినంతా లాగేస్తుంది కాబట్టి. అప్పుడు మంట పెంచుతాం. ఆ వాయి తీసేసరికి నూనె మరీ కాగిపోయి ఉంటుంది. పాత పరీక్షే మంచిది. గోరంత పిండి వేసి చూడండి. అడుగుకు పోయి నెమ్మదిగా లేస్తే ఇంకా కాగాలి. వెంటనే తేలి బుడగలు వస్తే వేడి సరిపోయింది. పడగానే ఎర్రబడిందా, మంట తగ్గించి ఓ నిమిషం ఆగండి.

మరీ కాగితే వచ్చేది పొగ. ఫోన్లలో తిరిగే పట్టిక అంతా దీని గురించే కనుక కాస్త వివరంగా చూద్దాం. నూనె అణువు అంటే ఒక మేకుకు తగిలించిన మూడు తాళ్లనుకోండి. మేకు గ్లిజరాల్, తాళ్లు కొవ్వు ఆమ్లాలు. వేడి, నీటి ఆవిరి కలిసి కొన్ని తాళ్లను మేకు నుంచి ఊడదీస్తాయి. ఊడిన తాళ్లను స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు అంటారు. ఇవి అసలు నూనె కంటే తక్కువ వేడికే ఆవిరై నీలిరంగు పొగగా లేస్తాయి. ఒంటరిగా మిగిలిన గ్లిజరాల్ మరీ వేడెక్కితే ఆక్రోలీన్ అనే వాయువుగా మారుతుంది. మాడిన నూనె దగ్గర కళ్లు మండి నీళ్లు కారేది చాలావరకు దీనివల్లే. అంటే పొగ బిందువు (నూనె పొగ వదలడం మొదలెట్టే వేడి) ప్రధానంగా చెప్పేది ఒకటే, ఊడిపోయిన తాళ్లు ఆ నూనెలో ఇప్పటికే ఎన్ని ఉన్నాయన్నది. అవి దాదాపు లేని రిఫైన్డ్ నూనె 220, 230 డిగ్రీల వరకు పొగ రానివ్వదు. నూటికి ఒక వంతు చేరాయంటే 160 డిగ్రీల దగ్గరే పొగ మొదలు. ఒకసారి వేపుడుకు వాడిన నూనె రెండోసారి త్వరగా పొగ వదలడానికి కారణం కూడా ఇదే. పట్టికలో ఉన్నది కొత్త నూనె అంకె. వాడుతున్న కొద్దీ ఆ అంకె దిగుతూ వస్తుంది.

గానుగ నూనెలో ఈ స్వేచ్ఛా ఆమ్లాలు కొన్ని ఉంటాయి. సన్నటి గింజ పొడి, కొంచెం తడి కూడా ఉంటాయి. అందుకే గానుగ వేరుశనగ నూనె 160 ప్రాంతంలోనే పొగలు మొదలెడుతుంది. ఫ్యాక్టరీలో అయితే నూనెలోని జిగురు తీసి, కాస్టిక్ సోడాతో ఆమ్లాలను తొలగించి, ప్రత్యేకమైన మట్టితో రంగు లాగి, చివరికి గాలి లేని పాత్రలో 200 డిగ్రీలు దాటిన వేడి దగ్గర ఆవిరి పంపి వాసన తీసేస్తారు. అంటే మీరు కొనే రిఫైన్డ్ నూనె మీ పొయ్యి ఎక్కకముందే ఓసారి గట్టిగా కాగి వచ్చింది. అయినా దాన్ని తప్పుపట్టను, గంటసేపు జంతికలు వేసేవారికి అదే పనికొస్తుంది. గానుగ నూనె రుచి, వాసన ఉన్న నూనె. పప్పులో పోపుకి, పొడి అన్నంలోకి, ఆవకాయలో పచ్చిగా కలపడానికి దానికి సాటి లేదు. దానితో బూరెలు వండితే వాసన ఎగిరిపోతుంది, ఇల్లు పొగతో నిండుతుంది, పెట్టిన డబ్బు మాత్రం రిఫైన్డ్‌కి రెండింతలు.

వెన్న సంగతి చెప్పనక్కరలేదు. అందులో సుమారు ఆరో వంతు నీరు, కాస్త పాల పదార్థం ఉంటాయి. ఆ పాల పదార్థం 150 డిగ్రీల దగ్గరే మాడుతుంది. కాచి, నీరు పోగొట్టి, గసి వడకట్టాక వచ్చిన నెయ్యి 230 దాటినా నిలబడుతుంది. దింపేముందు గుప్పెడు మునగాకో, ఒక తమలపాకో వేస్తారు కదా, ఆ ఆకుల్లోని ఫినాల్ పదార్థాలు నెయ్యి త్వరగా చెడకుండా కాస్త అడ్డుపడతాయి.

ఇప్పుడు అసలు పేచీ. పొగ రాలేదంటే నూనె బాగుందని కాదు. తాళ్లు మేకు నుంచి ఊడటం ఒక చెడు. తాడు ఉన్న చోటే ఉండి మధ్యలో చెడిపోవడం ఇంకొకటి. ఇది కంటికి కనపడదు. కొన్ని కొవ్వు ఆమ్లాల్లో, తాడు మధ్యలో జంట ముడుల్లా, ద్విబంధాలు ఉంటాయి. గాలిలోని ఆక్సిజన్ దాడి చేసేది వాటి పక్కనే. ఒక్క ద్విబంధం ఉన్న ఒలీక్ ఆమ్లం కంటే రెండున్న లినోలిక్ ఆమ్లం పది రెట్లకు పైగా వేగంగా ఆక్సీకరణకు లొంగుతుంది. మామూలు పొద్దుతిరుగుడు నూనెలో ఈ లినోలిక్ నూటికి 60 ప్రాంతంలో ఉంటుంది. వేరుశనగ నూనెలో సుమారు మూడో వంతు. పామోలిన్‌లో పదో వంతు. కొబ్బరి నూనెలో, నెయ్యిలో చాలా తక్కువ. మరి పట్టిక ఏమంటోంది? రిఫైన్డ్ పొద్దుతిరుగుడుకీ పామోలిన్‌కీ పొగ బిందువు ఇంచుమించు ఒకటే. ఆ రెంటినీ పక్కపక్క పొయ్యిల మీద నాలుగు గంటలు కాచి, అందులో బజ్జీలు వేస్తూ పోతే ముందు చెడేది పొద్దుతిరుగుడు నూనె. మిఠాయి కొట్టువాళ్లు పామోలిన్ వాడేది చవకని మాత్రమే కాదు, అది మూకుట్లో ఎక్కువసేపు నిలబడుతుందని కూడా.

అలాగని పామోలిన్, కొబ్బరి నూనె, నెయ్యి ఆరోగ్యానికి మేలన్న అర్థం రాదు. మూకుట్లో నిలబడే గుణం ద్విబంధాలు లేని సంతృప్త కొవ్వుల నుంచి వస్తుంది. అవే ఎక్కువైతే రక్తంలో చెడు కొలెస్ట్రాల్ పెంచుతాయి. నెయ్యికి బదులుగా ఒకప్పుడు వనస్పతి చేశారు. నూనెకు హైడ్రోజన్ పట్టించి ద్విబంధాలు తగ్గించారు. చెడకుండా నిలబడింది సరే, గుండెకు మరింత చేటు చేసే ట్రాన్స్ కొవ్వులు పుట్టుకొచ్చాయి. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వు 2 శాతానికి మించకూడదన్న నియమం ఉంది. ఈ ఇరకాటానికి వనస్పతి కంటే తెలివైన దారి విత్తనంలోనే ఉంది. జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధన కేంద్రం, మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కలిసి గిర్నార్ 4, గిర్నార్ 5 అనే రకాలు తెచ్చాయి. వీటి నూనెలో ఒలీక్ ఆమ్లమే నూటికి 80 ప్రాంతంలో ఉంటుంది. సంతృప్త కొవ్వు పెరగకుండానే మూకుట్లో నిలబడే నూనె అది. రాయలసీమలో, పాలమూరులో వేరుశనగ వేసే రైతులకు ఇలాంటి గింజకు మంచి ధర దక్కాలని నా కోరిక.

నువ్వుల నూనె ఒక వింత. లినోలిక్ ఆమ్లం అందులో నూటికి 40కి పైనే, లెక్క ప్రకారం త్వరగా చెడాలి. చెడదు. నువ్వుల్లో సెసమోలిన్ అనే పదార్థం ఉంది. వేడి తగిలితే అది సెసమాల్‌గా మారి ఆక్సీకరణను అడ్డుకుంటుంది. తవుడు నూనెలో ఒరైజనాల్ అనే పదార్థం కొంతవరకు అదే పని చేస్తుంది.

ఆక్సీకరణ అన్నాం కదా, దానివల్ల పుట్టేవాటిలో ఆల్డిహైడ్లు ముఖ్యమైనవి. అన్నీ చెడ్డవేనా అంటే, వేపుడు వాసన అని మనం ముక్కుపుటాలు ఎగరేసేది వాటిలో కొన్నింటి వల్లే. కొత్త నూనెలో మొదటి వాయి పాలిపోయి చప్పగా ఉంటుంది, రెండో మూడో వాయికి రంగూ కమ్మదనమూ వస్తాయి. నూనె కాస్త చెడితేనే వేపుడు బాగుంటుందన్నమాట. చిక్కేమిటంటే, అది అక్కడ ఆగదు. ఆ ఆల్డిహైడ్లలో విషగుణం ఉన్నవి కూడా పేరుకుంటూ పోతాయి. మరోపక్క చెడిన తాళ్లు ఒకదానికొకటి ముడిపడి పెద్ద అణువులవుతాయి. మూకుడు అంచున, గ్యాస్ పొయ్యి వెనక గోడ మీద గోకినా రాని పసుపుపచ్చ బంక అదే. అవిసె నూనె వార్నిష్ తలుపు మీద ఎండి గట్టిపడటంలోనూ ఇదే రసాయనం.

సాయంత్రం బజ్జీల బండి దగ్గర నిలబడినప్పుడు ఇవన్నీ కళ్లతో చూడొచ్చు. గరిటె ఎత్తినప్పుడు నూనె చుక్కలుగా రాలకుండా తీగలా సాగుతుంటే అది చిక్కబడింది. మిరపకాయ బజ్జీ వేయగానే లేచిన నురగ అణగకుండా మూకుడంతా కమ్ముకుంటుంటే చెడింది. మంట తక్కువగా ఉన్నా పొగ వస్తుంటే ఇక చెప్పేదేముంది. రంగు ఒక్కదాన్నీ నమ్మొద్దు. బెల్లం పాకం కలిసిన అరిసెలు ఒక్క పూటలోనే నూనెను నల్లబరుస్తాయి. ఉత్త అప్పడాలు వేయించిన నూనె చూడ్డానికి తేటగానే ఉంటుంది. ఇంకో అలవాటు, పాత నూనె తగ్గినకొద్దీ కొత్తది కలుపుతూ పోవడం. పాతదానిలో ఆక్సీకరణ వల్ల పుట్టిన పెరాక్సైడ్లు కొత్తదాన్నీ వెంటనే అదే దారిలో నడిపిస్తాయి.

చట్టం దీనికి ఒక కొలత పెట్టింది. చెడిన నూనెలో పోగయ్యే పదార్థాలన్నిటినీ కలిపి పోలార్ సమ్మేళనాలు అంటారు. అవి 25 శాతం దాటిన నూనెను వంటకు వాడకూడదని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ పెట్టిన నియమం 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. రోజుకు 50 లీటర్లకు మించి నూనె వాడే హోటళ్లు, కంపెనీలు వాడిన నూనె ఏమైందో లెక్క రాయాలి. కొలిచే మీటర్ ఉంది, మూకుట్లో ముంచితే అంకె చూపిస్తుంది. సందు చివరి బండి దగ్గరికి ఆ మీటర్ ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేను. అక్కడ మన కళ్లే మీటర్.

ఇంటికి వచ్చేసరికి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మాట సూటిగా ఉంది. ఒకసారి వేపుడుకు వాడిన నూనెను వడకట్టి కూరల్లో వాడుకోండి, మళ్లీ వేపుడుకు పెట్టకండి, అదీ ఒకటి రెండు రోజుల్లో అవగొట్టండి అని. పండగకి లీటర్లకు లీటర్లు మిగిలే ఇంట్లో ఇది కష్టమే. అలాంటప్పుడు మొదట్నుంచే నూనె తక్కువ పట్టే చిన్న మూకుడు పెట్టుకోవడం మేలు. వెడల్పు కడాయిలో నూనె పరుచుకుని గాలి ఎక్కువ తగులుతుంది, లోతైన మూకుట్లో అంత తగలదు. వాయికీ వాయికీ మధ్య పిండి రేణువులు ఏరేయండి, అవి అడుగున మాడి నూనెను పాడు చేస్తాయి. పిండి కలుపుతూ కూర్చున్నంతసేపు మంట ఆపేయండి, ఖాళీగా కాగే నూనెకు పైన గాలిని అడ్డుకునే ఆవిరి పొర కూడా ఉండదు, గాలి నేరుగా తగులుతుంది. ఇంకా, పాత ఇత్తడి మూకుడు అటక మీంచి దింపారనుకోండి, కళాయి పూత ఉందో లేదో చూడండి. ఇత్తడిలోని రాగి, నూనె చెడిపోవడాన్ని బాగా వేగిరం చేసే లోహం. ఏడాదికోసారి కళాయి వేయించిన పెద్దవాళ్లు చిలుం పట్టకుండా వేయించారు, నూనెకూ అది మేలే చేసింది.

తినేవాళ్ల గురించే మాట్లాడుతున్నాం గానీ పొయ్యి ముందు నిలబడినవాళ్ల మాటేమిటి? అధిక వేడి మీద వేపుడు నుంచి వెలువడే పొగలను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2010లో వెలువరించిన సంపుటిలో, మనుషులకు క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి వర్గంలో చేర్చింది. పండగ పేరుతో పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా కిటికీ లేని వంటగదిలో ఆ పొగ పీల్చేది ఎవరో అందరికీ తెలుసు. ఫ్యాన్ గాలికి మంట ఆరుతుందని ఆపేస్తారు, చలి అని తలుపు మూస్తారు. పెరట్లోనో వరండాలోనో పొయ్యి పెట్టుకునే పాత పద్ధతి ఇందుకైనా మేలు. అపార్ట్‌మెంట్లలో చిమ్నీ ఉంటే అది వేయండి, కరెంటు బిల్లుకు చూసుకోకండి.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పి తీరాలి. పొగను పట్టించుకోకుండా వదిలేస్తే నూనె 300 డిగ్రీలు దాటి అంటుకుంటుంది. అప్పుడు కంగారులో చేతికందిన చెంబెడు నీళ్లు పోస్తారు. నీరు నూనె కంటే బరువు, అడుగుకు దిగుతుంది. దిగీ దిగగానే ఆవిరై సుమారు 1,700 రెట్లు వ్యాకోచించి మండే నూనెను కప్పుదాకా ఎగజిమ్ముతుంది. నీళ్లు పోయకండి, మూకుడు ఎత్తుకుని బయటికి పరుగెత్తకండి. గ్యాస్ కట్టేసి, మూకుడుకు సరిపడే మూతనో పళ్లేన్నో పక్క నుంచి జరుపుతూ కప్పేయండి. గాలి అందకపోతే మంట ఆరుతుంది. పూర్తిగా చల్లారేదాకా మూత తీయకండి, తీస్తే మళ్లీ అంటుకోవచ్చు. వేపుడు వేసేటప్పుడు మూత చేతికందే చోట పెట్టుకోవడం అలవాటు చేసుకోండి.

ఇక మిగిలింది వాడేసిన నూనె. సింక్‌లో పోస్తే గొట్టంలో గడ్డకట్టి ప్లంబర్‌ని పిలవాల్సి వస్తుంది. వాడిన వంట నూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే కార్యక్రమం 2018 ఆగస్టులో దేశమంతటా మొదలైంది. హోటళ్ల దగ్గర లీటరుకు ఇంత అని ఇచ్చి కొనుక్కుపోయేవాళ్లు ఇప్పుడు ఉన్నారు. ఇళ్ల నుంచి సేకరించడం ఇంకా అంతటా అలవాటు కాలేదు. మీ కాలనీలో పది ఇళ్లవాళ్లు కలిసి ఒక డబ్బాలో పోగు చేస్తే కొనేవాళ్లు దొరకొచ్చు. అంతవరకు, చల్లారిన నూనెను ఖాళీ సీసాలో పోసి మూత బిగించి, చెత్త బండివాళ్లకు విడిగా ఇవ్వండి.